మట్టిబండి నుండి చిఱులారీ వఱకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



నేఁడు నేను మాటలాడఁబోవు విషయము చిఱుబండ్లు. అనఁగా కార్లను, లారీలను, బస్సులను కొలత తప్పకుండ చిన్నవిగా నిర్మించి నలుగురికిని చూపు వినోదము. గ్రంథాలయ రజతోత్సవమున భారతమును గుఱించియో, భాగవతమును గుఱించియో చెప్పక ఈ బొమ్మల ముచ్చట యేల యని వెనుక వరుసలో గుసగుసలు వినవచ్చుచున్నవి. పుస్తకములకే చాలని బీరువాలలో బొమ్మలారీకి ఒక అర యేల యని మన సంఘములోనే కొందఱు పెద్దలు అడిగియున్నారు. ప్రశ్న న్యాయమైనదే. దానికి ఉత్తరము చెప్పుటకే నేను నిలిచితిని.

పెద్దలకు ముందుగా ఒక పుస్తకమునే చూపెదను. అది మన బీరువాలోనే యున్నది. శూద్రకుని మృచ్ఛకటికమున నాయకుఁడు చారుదత్తుఁడు, నాయిక వసంతసేన. అయినను నాటకమునకు పెట్టిన పేరు వారిద్దఱిలో నెవ్వరిదియుఁ గాదు. ఒక పిల్లవాని ఆటబండిది. మృత్తు అనఁగా మన్ను, శకటిక యనఁగా చిన్నబండి. చారుదత్తుని కొడుకు రోహసేనుఁడు పొరుగింటి పిల్లవాని బంగారుబండితో ఆడుకొని, అది వాఁడు తీసికొనిపోఁగా ఏడ్వసాగెను. రదనిక యను పరిచారిక మట్టితో ఒక బండి చేసి యిచ్చినను ఊఱడిల్లలేదు. వసంతసేన ఆ యేడ్పు చూచి ఓర్వలేక, తన మేని నగలు తీసి ఆ మట్టిబండి నిండ నింపి, వీనితో బంగారుబండి చేయించుకొమ్మనెను. ఇది ఆఱవ అంకములోని కథ. ఆ నగలే తరువాత న్యాయస్థానమున విదూషకుని చంకలోనుండి జాఱిపడి, చారుదత్తుఁడు నేరము చేసెననుటకు సాక్ష్యములైనవి. ఒక ఆటబండిలోఁ బోసిన సొమ్ము ఒక సత్పురుషుని వధ్యశిల వఱకు నడిపించినది.

అదే అంకమున వసంతసేన తొందరలో ఒకరి బండియనుకొని వేఱొకరి బండి యెక్కినది. మా చిఱుబండ్ల పిల్లలలో ఒక్కఁడు ఆ వాకిట నిలిచియున్నచో చక్రమును బట్టియో, గూడును బట్టియో ఇది మన బండి గాదని చెప్పియుండును. అప్పుడు నాటకమే లేకపోవును. ఇది నవ్వులకుఁ జెప్పిన మాట.

నవ్వులకుఁ గాని మాట యొకటి కలదు. చిన్నబండి సాక్ష్యము చెప్పును. సింధునదీ ప్రాంతమున నాలుగువేల యేండ్లకు పూర్వము జనులు ఎక్కి తిరిగిన బండ్ల కొయ్య యెప్పుడో మట్టిలో కలిసిపోయినది. హరప్పాలోను, మొహెంజొదారోలోను త్రవ్వినవారికి దొరకినవి కాల్చిన మట్టితో చేసిన చిన్నబండ్ల చట్రములును, చక్రములును. చన్హుదారోలో కంచుతో పోసిన చిన్నబండ్లు దొరకినవి. నాఁటి బండికి చట్రమెట్లుండెడిదో, చక్రమునకు ఆకులుండెనో లేక నిండుపలక యై యుండెనో పండితులు చెప్పఁగలుగుచున్నారన్నచో అది చాలవఱకు ఈ బొమ్మల చలువయే. మహారాష్ట్రమున దైమాబాదు గ్రామమందు 1974లో ఒక సేద్యగానికి నాలుగు కంచుబొమ్మలు దొరకినవి. అందులో నొకటి జోడెడ్లు కట్టిన రథము. దానిపై నిలువుగా తోలువాఁడు. పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు. ఆ రథమును పోసిన కమ్మరి తాను చరిత్ర వ్రాయుచున్నానని తలంచియుండఁడు. వాని చేతిపనియే చరిత్రమైనది.

కావున నేను పెద్దలకు చెప్పునది యిది. కొలతతో చేసిన చిఱుబండి ఆటవస్తువు మాత్రమే కాదు, దస్తావేజు. దస్తావేజును గ్రంథాలయమున నుంచుట తప్పు గాదు. అయితే ఏ బొమ్మయైనను దస్తావేజు అగునా? కాదు. ఇచ్చటనే కొలతయను మాట వచ్చుచున్నది.

మన గ్రామపటమును మీరందఱును ఎఱుఁగుదురు. పాత పటములపై మైలునకు 16 అంగుళములని వ్రాసియుండును. మైలునకు 63,360 అంగుళములు గావున, నేలమీఁది 3,960 అంగుళములు కాగితము మీఁద ఒక్క అంగుళమన్నమాట. ఈ ప్రమాణము పటమందంతటను ఒక్కటే. చెఱువునకొకటి, శ్మశానమునకొకటి, మునసబుగారి పొలమునకొకటి యుండదు. ఉండినచో అది పటము గాదు, కలహమునకు మూలము. చిఱుబండికిని ధర్మమిదే. లారీని 24వ వంతు చేయఁదలఁచినచో చక్రము 24వ వంతు, తలుపు 24వ వంతు, తలుపు పిడియు 24వ వంతు కావలెను. అనఁగా అడుగునకు అరయంగుళము. 12వ వంతన్నచో అడుగునకు అంగుళము. 43వ వంతని తఱచుగా వినఁబడు ప్రమాణము పాశ్చాత్యుల బొమ్మరైళ్లనుండి వచ్చినది. అడుగునకు 7 మిల్లీమీటర్ల చొప్పున లెక్కించిన ఆ సంఖ్య వచ్చును.

మన కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యతో ఎడ్లబండిని ఎంత ముద్దుగా చేయుదురో చెప్ప నక్కఱలేదు. చింతగింజల పొడిని, ఱంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, రంగులు వేయుదురు. అందు బండివాని తల చక్రమంత యున్నను ఎవ్వరును తప్పు పట్టరు, పట్టరాదు. అది భావము చూపు విద్య. నేను చెప్పునది కొలత చూపు విద్య. రెండింటిని కలిపి చూచి ఒకదానిని తక్కువ చేయుట అవివేకము.

ఇంగ్లండు దేశమున ఈ రెండింటికిని నడుమ చిక్కిన బొమ్మ లొకకాలమున లోకమంతట వ్యాపించినవి. లండనులో 1947లో స్థాపితమైన లెస్నీ యను కంపెనీ 1953లో మ్యాచ్‌బాక్సు అను పేర చిన్న కార్లను, లారీలను అమ్మసాగెను. అగ్గిపెట్టెలో పట్టు బొమ్మను మాత్రమే బడికి తేవలెనను నియమముండఁగా, ఆ కంపెనీ భాగస్వామి జాక్ ఓడెల్ తన కూఁతురి కొఱకు అగ్గిపెట్టెలో పట్టు రోడ్డురోలరును ఇత్తడితో చేసియిచ్చెననియు, దానినుండియే ఆ బొమ్మలు పుట్టెననియు చెప్పుదురు. కథ అందముగా నున్నది. కాని ఆ పెట్టెయే కొలతకు శత్రువైనది. రోడ్డురోలరును, రెండంతస్తుల బస్సును ఒకే పెట్టెలో పట్టింపవలసి వచ్చుటచే ఒకదానిని తక్కువగను, మఱియొకదానిని మిక్కిలి ఎక్కువగను కుదించిరి. ప్రక్కప్రక్కన పెట్టినచో రోలరు బస్సుతో సమానమై నిలుచును. పిల్లలకు సంతోషమే, సాక్ష్యమునకు పనికిరాదు. అంతకుముందు లివర్‌పూలులో ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో కంపెనీ 1934 నుండి డింకీ యను పేర అమ్మిన బండ్లు కొంత మేలు. అవి బొమ్మరైళ్ల ప్రక్కన నిలుచుటకై పుట్టినవి గావున కొలతను పూర్తిగా మఱవలేదు.

అమెరికాలో కార్ల కంపెనీలు తమ క్రొత్తకార్ల రూపమును 25వ వంతు ప్లాస్టిక్కు బొమ్మలుగా చేయించి అమ్మకందార్లకు పంచిపెట్టెడివారు. తొలినాళ్లలో వాడిన ఎసిటేటు అను ప్లాస్టిక్కు కాలక్రమమున వంకరలు పోయినది. నేఁడవి దొరకినను కారు నడుము వంగి ముసలమ్మవలె నుండును. పదార్థము తప్పుడుదైనచో కొలత యెంత నిజమైనను నిలువదనుటకు ఇది తార్కాణము. తరువాత 1958లో ఏ.ఎం.టి. యను కంపెనీ ఆ యేఁటి కార్లనే విడిభాగములుగా పెట్టెలోఁ బెట్టి, అతికించుకొనుటకు వీలుగా అమ్మెను. ఆ మార్గమునఁ బెరిగిన వినోదమే నేఁడు అనేక దేశములలో వేలకొలఁది పెద్దవారు చేయుచున్నది.

కాని నా మనస్సును ఆకట్టుకొనినది పెట్టెలో కొనుక్కొని అతికించు పని గాదు. అదే అమెరికాలో జనరల్ మోటార్సు కంపెనీకి చెందిన ఫిషర్ బాడీ యను శాఖ 1930లో బాలుర కొఱకు ఒక పోటీని నెలకొల్పెను. దాని పేరు ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డు. ఆ శాఖ తన ముద్రగా వాడుకొను నెపోలియను కాలపు గుఱ్ఱపుబగ్గీని బాలురు తమ చేతులతో చిన్నదిగా నిర్మింపవలెను. పటములు కంపెనీ యిచ్చును. తక్కినదంతయు, అనఁగా చక్రముల ఆకులు, తలుపుల కీళ్లు, చెక్కడపు నగిషీ, లోపలి మెత్తలు, అన్నియు బాలుఁడే చేయవలెను. అవి ఆర్థికమాంద్యపు దినములు. తండ్రికి కూలి దొరకని యిండ్లలో పిల్లలు వంటింటి బల్లమీఁద, కొట్టపు మూలను ఈ బగ్గీలను చెక్కిరి. గెలిచినవారికి కప్పులు, పతకములు మాత్రమే కాక విశ్వవిద్యాలయమున చదువుకొనుటకు వేతనములిచ్చిరి. ఆ దినములలో అది యొక కుటుంబపు వ్రాఁతను మార్చునంత సొమ్ము.

1937 నుండి బగ్గీతోపాటు కారును కూడ పోటీలోఁ జేర్చిరి. ఇచ్చట పటము లేదు. బాలుఁడు తానే ఊహించి 12వ వంతు ప్రమాణమున క్రొత్తకారును సృజింపవలెను. చేతిపనికిని, రూపమునకును వేఱువేఱుగా అంకములు వేసిరి. 1947లో ఈ పోటీని గెలిచిన వారిలో చార్లెస్ జోర్డన్ అను యువకుఁడొకఁడు. అతఁడు తరువాత అదే కంపెనీలో చేరి, 1986 నుండి 1992 వఱకు దాని కార్ల రూపకల్పన కంతటికిని అధిపతియై యుండెను. అతనివలెనే గిల్డునుండి పోయి కార్లను తీర్చినవారు ఇంకను పలువురు కలరు. గిల్డు 1968లో ముగిసినది. అందొక లోపము కలదు: ఆడుపిల్లలకు ప్రవేశము లేకుండెను. సంక్రాంతికి బొమ్మలకొలువును తీర్చునది మన యాఁడుపిల్లలే. ఏ బొమ్మ యే మెట్టుమీఁద నుండవలెనో, ఏది దేనికి అడ్డు రాఁగూడదో వారికి తెలిసినట్లు మగపిల్లలకు తెలియదు. మనము చేయఁబోవు పనిలో ఆ లోపము రానీయరాదు.

ఇంక మన యూరి మాట. గడచిన వేసవిలో మన గ్రామపు పాతలారీని తునక యినుము క్రింద అమ్మివేసిరి. ఏండ్ల తరబడి మిరప టిక్కీలను గుంటూరు యార్డుకు మోసిన లారీ. ఎన్నో పెండ్లివారిని, తిరునాళ్ల జనమును మోసిన లారీ. దాని డ్రైవరు కుమారుఁడు, పదునాలుగేండ్లవాఁడు, కోఁత కోయువారు వచ్చుటకు రెండు దినములు గడువుందని తెలిసికొని, దర్జీ టేపుతో దానినంతయు కొలిచెను. నా వద్దనుండి గీతల కాగితములు తీసికొని, ప్రతి కొలతను పటమువలె గీసికొనెను. బండి క్రిందికి దూఱి ఇరుసులను, స్ప్రింగు పట్టీల లెక్కను కూడ వ్రాసికొనెను. మూఁడవనాఁడు గ్యాసుమంట పెట్టి లారీని ముక్కలు చేసిరి. నేఁడు ఆ లారీ ఎచ్చటనైన నున్నదన్నచో అది ఆ కాగితములలోను, వాఁడు చేసిన ఎనిమిదిన్నర అంగుళముల తొట్టిలోను మాత్రమే. తొట్టి పదునేడడుగులు, వెడల్పు ఏడడుగులు. 24వ వంతున ఎనిమిదిన్నర, మూఁడున్నర అంగుళములు.

దీనిని ఏ యంగడిలోనైనను కొనవచ్చునుగదా యని ఒకరు నన్నడిగిరి. కొనవచ్చును, ఒక లారీని. ఈ లారీని గాదు. మన దేశమున ఫ్యాక్టరీ యిచ్చునది తఱచుగా చట్రము, ఇంజను, ముందరి ముక్కు మాత్రమే. తక్కిన గదియు, తొట్టియు విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల వడ్రంగులును, కమ్మరులును, రంగులవారును చేయుదురు. ఒక మేస్త్రీ చేసిన తొట్టి మఱియొక మేస్త్రీ తొట్టివలె నుండదు. అద్దము పైని దేవుని పేరు, వెనుక తలుపుమీఁద హారను కొట్టుమను వ్రాఁత, బంపరునకు వ్రేలాడు నల్లత్రాడు, నిమ్మకాయ, మిరపకాయలు, ఇవి యే ఫ్యాక్టరీ పటమునను లేవు. ఆ మేస్త్రీలు పటము గీయలేదు; కంటిలెక్కతో చేసిరి. బండి పోయిన వారి విద్యకు గుర్తుండదు.

చిన్న గుర్తులే కాలమును చెప్పును. 1954లో జంషెడ్‌పూరున తయారు కానారంభించిన టాటా-మెర్సిడెసు లారీ ముక్కుమీఁద మూఁడు కొమ్మల చుక్క యుండెడిది. 1969లో జర్మనుల ఒడంబడిక ముగిసిన పిమ్మట ఆ చుక్క పోయినది. 1975 నాఁటి లారీకి చుక్క పెట్టినవాఁడు తప్పు దస్తావేజు వ్రాసినవాఁడే. నంబరు పలకయు నట్టిదే. తెలంగాణలో 2014 తరువాత టి.ఎస్. అను అక్షరములు వచ్చినవి; 2024లో అవి టి.జి. అయినవి. అంబాసిడరు కారు 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో నిలిచిపోయినది. ఒకప్పుడు కలెక్టరుగారి రాకకు గుర్తైన ఆ తెల్లకారును నేఁటి పసిపిల్లలలో చూచినవారెందఱు?

పని చేయు విధమును కొంచెము చెప్పెదను, వినఁగోరు పిల్లలున్నారు గనుక. మొదట కొలతలన్నింటిని ఒక పట్టికగా వ్రాసి, ప్రతి దానియెదుట 24వ వంతు వేసికొనవలెను. కత్తి పట్టుట తరువాతి మాట. లారీ టైరు ఎత్తు దాదాపు 40 అంగుళములు. మన చక్రము అంగుళమును, మూఁట రెండు వంతులును. మన పల్లెపిల్లలు హవాయి చెప్పు అడుగును గుండ్రముగా కోసి చక్రము చేయుదురు. మంచి ఉపాయమే కాని చెప్పు మందము ఎక్కువ. తొమ్మిదంగుళముల వెడల్పు గల టైరు ఇచ్చట అంగుళమున ఎనిమిదింట మూఁడు వంతులే. రాయిపై అరగదీయక తప్పదు.

వస్తువు చిన్నదైనప్పుడు మందమే మొదటి మోసగాఁడు. పదవ వంతు మిల్లీమీటరు మందము గల రంగుపూఁత అసలు బండిమీఁద రెండు మిల్లీమీటర్లు దాటిన పూఁతతో సమానమగును. తలుపు గీఁతలన్నియు పూడిపోవును. కావున రంగును పలుచగా పలుమాఱులు వేయవలెను. టార్పాలినుకు చేతిరుమాలు గుడ్డ వేసినచో కంబళివలె నుండును. పలుచని కాగితమును నీరు కలిపిన జిగురులో తడిపి కప్పినచో ముడుతలు సరిగా వచ్చును. త్రాళ్లకు దారము పనికివచ్చును. దాని నూఁగును మైనముతో అణఁచవలెను.

రెండవ మోసగాఁడు బరువు. పొడవు 24వ వంతైనచో వైశాల్యము 576వ వంతు, ఘనము 13,824వ వంతు. అయిదు టన్నుల బండి అవే లోహములతో 24వ వంతు చేసినచో 360 గ్రాములకు కొంచెము మించును. అట్టతోను, పొణికితోను చేసినది ఇంకను తేలిక. అందుచే నాలుగు చక్రములలో ఒకటి నేలనంటక తేలుచుండును. తొట్టి క్రింద చిన్న సీసపు ముక్కను దాఁచినచో ఆ దోషము పోవును. ఇది మోసము గాదా యని ఆ పిల్లవాఁడు నన్నడిగెను. చీటిమీఁద వ్రాసితివేని కాదంటిని.

ప్రదర్శనమునకు వచ్చినప్పుడు చూపరులు మెఱుఁగును చూచి మురియుదురు. పాశ్చాత్యదేశముల ప్రదర్శనములలో న్యాయనిర్ణేతలు చిన్న టార్చిలైటు పట్టుకొని అడుగుభాగమును చూతురు: చక్రములు నాలుగును నిటారుగా నున్నవా? అతుకుల గీఁత కనఁబడుచున్నదా? జిగురు మరక అద్దముపై నంటినదా? మొదట ఇవి, మెఱుఁగు తరువాత. లెక్కల తనిఖీకి వచ్చిన అధికారి అట్టను చూడక లోపలి కూడికలను చూచుటవంటిదే యిది.

ఇంక సంఘమువారికి నా మనవి. క్రింది వరుసలో ఖాళీగా నున్న అద్దపు బీరువాలో ఒక్క అరను ఇప్పింపుఁడు. ఎండ తగులని గోడ యైన మేలు. ఎండకు ఎఱుపు మొదట వెలయును, ప్లాస్టిక్కు పచ్చఁబాఱును. ప్రతి బండిక్రింద ఒక చీటి యుండవలెను: ప్రమాణమెంత, అసలు బండి యేది, ఏ కాలమునాఁటిది, కొలతలు స్వయముగా తీసినవా లేక ఛాయాపటము నుండి అంచనా వేసినవా, ఏ భాగము కొనినది, ఏ భాగము చేసినది, డ్రైవరు పేరేమి. కొలతల కాగితములను కుట్టించి, సంఖ్య వేసి, పుస్తకములవలె జాబితాలో చేర్పవలెను. మన యూరి ఎడ్లబండ్లలో మిగిలినవి రెండో మూఁడో. వానిని కూడ ఈ యేఁడే కొలిపింపవలెను. కొలుచుటకు టేపును, కాగితములను నేను ఇచ్చెదను.

తాళపుచెవి గ్రంథపాలకుని యొద్దనే యుండనిండు. ఆదివారము నాఁడు మాత్రము, అడిగిన పిల్లలకు అర తెఱచి, ఆ లారీని వెల్లకిల త్రిప్పి, అడుగున నున్న స్ప్రింగు పట్టీలను లెక్కపెట్టుకొననిండు.